అద్దాల వెనక గోపాయపల్లె సామి

పుండరీకవల్లి అహోబిలంలో పుట్టింది. తండ్రి అక్కడ గుడి వంటశాలలో పనిచేసేవాడు. పెళ్లయ్యాక ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల అంచులో ఉన్న గోపాయపల్లెకు కాపురానికొచ్చింది. భర్త శేషాద్రి ఆ ఊరి లక్ష్మీనరసింహస్వామి గుడి అర్చకుడు. వాళ్లకు ఒక్కతే కూతురు, విష్ణుప్రియ.

గుడి చిన్నది. రాతి మూలవిరాట్టు ఎప్పటిదో ఎవరికీ తెలియదు. దాని పక్కన పీటమీద పంచలోహ ఉత్సవమూర్తి ఉండేది. స్వామి తొడమీద అమ్మవారు కూర్చుని ఉంటుంది. ఊరేగింపుకు పల్లకీలో బయటికి వచ్చేది ఆ మూర్తే. దానికి బట్టలు కుట్టే పని పుండరీకవల్లిది. పట్టుచీర ముక్కలు తెచ్చి, కుచ్చిళ్లు పెట్టి, వెనక కట్టుకోవడానికి నాడాలు కుట్టి ఇచ్చేది. తొడిగేది మాత్రం శేషాద్రే. తెర వేసి అభిషేకం చేసి, బట్టలు కట్టి, ఆ తర్వాతే తెర తీసేవాడు.

ఒక ధనుర్మాసంలో, తెల్లారక ముందే తిరుప్పావై చదవడానికి శేషాద్రి గుడి తలుపు తీశాడు. తాళం ఎప్పటిలాగే వేసి ఉంది. లోపల పీట ఖాళీగా ఉంది. కిందటి రోజు కట్టిన పసుప్పచ్చ బట్టలు పక్కన కుప్పగా పడి ఉన్నాయి.

ఆయన అరుచుకుంటూ వీధిలోకి పరుగెత్తాడు. ఊరంతా లేచింది. గుడి ధర్మకర్త శ్రీహరి శెట్టి లుంగీ మీదనే వచ్చాడు. ఊళ్లో ఎరువుల అంగడీ గుడ్డల అంగడీ ఆయనవే. తాళం చెవులు రెండే. ఒకటి శేషాద్రి మొలతాడుకు ఉంటుంది, రెండోది శ్రీహరి ఇంట్లో ఉంటుంది. శ్రీహరి గొళ్లెం పట్టుకుని ఊపి చూశాడు.

"తాళం పగల్లేదు సామీ."

"అదే నాకూ అర్థం గాకుండాది."

"మా ఇంట్లో చెవి ఇనప్పెట్టెలోనే ఉండాది. ఇప్పుడే చూసొస్తి. ఇంగ మీ దగ్గరుండే చెవి ఒకటే గదా?"

శేషాద్రికి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చుట్టూ చూశాడు. చిన్నప్పటి నుంచి తన చేతి తీర్థం తాగినవాళ్లు తన ముఖం కాకుండా తన మొలతాడు చూస్తున్నారు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి ఆయనను జీపులో ఎక్కించుకుపోయారు. పుండరీకవల్లి స్టేషన్ బయట వేపచెట్టు కింద కూర్చుంది. క్యారియర్లో అన్నం తీసుకుపోతే లోపలికి పంపలేదు. వారం గడిచాక ఒక సాయంత్రం ఆయనను బయటికి వదిలారు. నడిచే వచ్చాడు. కానీ కుడిచెయ్యి భుజం దగ్గర నుంచి వేలాడుతూ ఉంది. ఇంటికొచ్చాక ఆమె ఆయన కాళ్లకు వేడినీళ్లు పోస్తూ, "ఏం చేసినారు?" అని అడిగింది.

"అడిగినారు" అన్నాడు శేషాద్రి. ఆ తర్వాత ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు.

ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. హారతి ఇచ్చే చెయ్యి అది. లేచి ఉన్నా ఇవ్వనిచ్చేవారు కాదు. ఆయన స్టేషన్లో ఉండగానే శ్రీహరి కర్నూలు దగ్గర నుంచి వేరే అర్చకుణ్ణి తెచ్చిపెట్టాడు. ఎవరూ ఇల్లు ఖాళీ చేయమనలేదు. కానీ పాలుపోసే మనిషి రావడం మానేసింది. బడిలో పిల్లలు విష్ణుప్రియను "దేవుడు యాడుండాడే?" అని అడిగేవారు. వేసవి రాకముందే ముగ్గురూ ఆళ్లగడ్డకు వెళ్లిపోయారు.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల వెనక వాళ్లకు ఒక గది దొరికింది. పొద్దున్నించీ రాయి కోసే మిషన్ల చప్పుడు. తెల్లటి దుమ్ము వచ్చి బిందెల మీద, అన్నం మీద పడేది. షెడ్ల ముందు వరసగా వినాయకులు, ఆంజనేయులు, నాయకుల విగ్రహాలు. శేషాద్రి అరుగు మీద కూర్చుని వాటిని చూస్తుండేవాడు. పుండరీకవల్లి నాలుగిళ్లలో వంట చేసేది. కొన్నేళ్లకు విష్ణుప్రియ డిగ్రీ సగంలో ఆపి మెడికల్ షాపులో చేరింది.

ఒకరోజు శేషాద్రి ఉన్నట్టుండి అన్నాడు. "దాన్ని కరిగిచ్చరు వల్లీ."

"దేన్ని?"

"అంత పాత మూర్తిని కరిగిస్తే ఏమొస్తుంది? అట్లనే అమ్ముతారు. యాడో ఒకచోట ఉంటుంది. పోయి చూడల్ల."

అలా మొదలయింది. ఆయనకు తెలిసిన లోకమంతా గుళ్లే. కాబట్టి మొదట గుళ్లకే వెళ్లారు. మహానంది, యాగంటి, ఊరి పేరు కూడా సరిగ్గా తెలియని పాత గుళ్లు. దర్శనం అయ్యాక ఆయన అక్కడి అర్చకుడిని పక్కకు పిలిచి, బయట నుంచి వచ్చిన విగ్రహాలు ఏమైనా ఉన్నాయా అని అడిగేవాడు. కొందరు జాలిపడేవారు. కొందరు అనుమానంగా చూసి, "మీరెవురు?" అనేవారు. ఆయన తువ్వాలు సర్దుకుని బయటికి వచ్చేవాడు.

తర్వాత ఎవరో చెప్పారు, దొరికిన విగ్రహాలను సర్కారు మ్యూజియాల్లో పెడుతుందని. అప్పటి నుంచి మ్యూజియాలు. శ్రీశైలం వైపు పోయినప్పుడు సున్నిపెంటలో తెలిసినవాళ్ల క్వార్టర్లో తలదాచుకున్నారు. ఎండాకాలం శ్రీశైలం డ్యాం నీళ్లు తగ్గితే కొత్తపల్లె పక్క సంగమేశ్వరం గుడి బయటపడుతుందని విని అక్కడికీ పోయారు. బురదలో దిగి నిలబడ్డ ఆ గోడలను చూసి శేషాద్రి, "దీనికి నయం. ఏడాదికొకసారన్నా బయటికొస్తుంది" అన్నాడు.

పుండరీకవల్లి ఎక్కడికి పోయినా మ్యూజియం గడప బయట చెప్పులు విడిచేది. "అమ్మా, ఈడ చెప్పులిడిచే పన్లేదు, ఇది గుడి గాదు" అని కాపలావాళ్లు నవ్వేవారు. లోపల దేవుళ్లుండగా చెప్పులతో ఎలా నడుస్తారో ఆమెకు అర్థమయ్యేది కాదు. చేతులు విరిగిన దేవుళ్లు, ముక్కులు పోయిన దేవుళ్లు, ఏళ్లుగా ఒక్క పువ్వు ఎరగని దేవుళ్లు గోడ పొడుగునా నిలబడి ఉండేవారు. శేషాద్రి ఒక్కొక్కరి ముందు ఆగి, ఎడమచేత్తోనే కుడిచేతిని పైకెత్తి జోడించి దండం పెట్టేవాడు.

ఒక ఏప్రిల్‌లో, కొలిమిగుండ్ల దగ్గర చేను దున్నుతుంటే విగ్రహం బయటపడిందని పేపర్లో వచ్చింది. విష్ణుప్రియ వద్దంది. "ఈ ఎండలో యాడికి పోతాండావు నాయనా? పడితే ఎవురు చూస్తారు?" ఆయన వినలేదు. ఇద్దరూ రెండు బస్సులు మారి పోయారు. తహసీల్దారు ఆఫీసు వసారాలో గోనెపట్టా కప్పి ఉన్నదాన్ని నౌకరు తీసి చూపించాడు. తల లేని రాతి నంది.

తిరిగి బస్టాండుకు వచ్చేసరికి ఎండ దంచుతోంది. బేలం గుహలు చూసొచ్చిన జనం చెరుకురసం బండి చుట్టూ మూగి ఉన్నారు. శేషాద్రి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు.

"నీళ్లు తాగుతారా?" అంది ఆమె.

"వద్దు. ఆ నంది తల యాడ పడిపోయిందో పాపం."

"ఇప్పుడు దాని సంగతెందుకు? తల మీద తువ్వాలేసుకోండి."

ఆయన తువ్వాలు తీసుకోలేదు. ఆమె భుజం మీద తల వాల్చాడు. నలుగురిలో ఎప్పుడూ అలా చేయని మనిషి. బస్సు వచ్చింది, జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె లేపబోయింది. ఆయన లేవలేదు. చెరుకురసం బండి మనిషి పరుగెత్తుకొచ్చి ముఖం మీద నీళ్లు చల్లి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తన తలగుడ్డ తీసేశాడు.

చావుకు అహోబిలం నుంచి ఎవరూ రాలేదు. గోపాయపల్లె నుంచీ రాలేదు.

ఆ తర్వాత తల్లీకూతుళ్లు నంద్యాలకు మారారు. విష్ణుప్రియకు అక్కడ ఇంకో మందుల షాపులో పని దొరికింది. ఏడాది తిరగ్గానే పుండరీకవల్లి మళ్లీ సంచి భుజానికేసుకుంది. కూతురికి ఒళ్లు మండింది.

"ఇంగ ఎవురి కోసమమ్మా? దొరికితే మాత్రం ఆయనొస్తాడా?"

"రాడు."

"మరి?"

"దొంగ అనే పేరు ఒకటి ఉండాది గదా. అది ఆయనతో పోలేదు."

"నేను మాత్రం రాను. ఆ బొమ్మ మొగం చూడను. మన కొంప ముంచింది అదే."

పుండరీకవల్లి ఒక్కతే పోయింది. ఆ తర్వాత కూడా ఒక్కతే పోతూ వచ్చింది.

నంద్యాల జిల్లా అయిన కొన్నాళ్లకు, ఊళ్లోనే ఒక పాత బంగళాకు సున్నం కొట్టి చిన్న మ్యూజియం తెరిచారు. యుద్ధాల్లో పోయినవాళ్ల వీరగల్లులు, శాసనాలు, తుప్పుపట్టిన కత్తులు, చెంచుల విల్లంబులు, ఒక గదిలో లోహ విగ్రహాలు. బడిపిల్లలను వరసగా తెచ్చి చూపిస్తున్నారు. పుండరీకవల్లి వాళ్ల వెనకే నడిచింది. లోహ విగ్రహాల గదిలో అన్ని పెట్టెలూ చూసి, గడప దాటి బయటికి కూడా వచ్చేసింది. చెప్పులు వేసుకుంటుండగా ఒక పెట్టె గుర్తొచ్చి, మళ్లీ లోపలికి పోయింది.

మూలన ఉన్న పెట్టె ముందు నిలబడింది. నరసింహుడు, తొడమీద లక్ష్మి. అభిషేకాలకు అరిగి ముఖాలు నున్నబడి ఉన్నాయి. ఈ స్వామిని ఆమె ఎప్పుడూ బట్టలు లేకుండా చూడలేదు. అందుకే దాటిపోయింది. అద్దానికి అరచెయ్యి ఆనించి, బొటనవేలు పీఠం దగ్గర పెట్టి, జాన చాపి కొలిచింది. భుజం దాకా ఒక జానెడు, కిరీటం దాకా ఇంకో బెత్తెడు. అమ్మవారి పక్క కొంచెం ఎక్కువ గుడ్డ వదలాలి, లేకపోతే కుచ్చిళ్లు పైకి లేస్తాయి. ఎన్నిసార్లు విప్పి మళ్లీ కుట్టిందో ఆ చేతికి గుర్తుంది. ఆమె చప్పున కొంగు తీసి అద్దానికి అడ్డం పెట్టింది. పిల్లలు నవ్వారు.

కాపలావాడి కేకకు మ్యూజియం అధికారి జయప్రకాష్ వచ్చాడు. నడివయసు మనిషి. ఆమెను కసరకుండా, కుర్చీ తెప్పించి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన అంతా విని, లోపలికి పోయి పాత కాగితాలు చూసి వచ్చాడు.

"అమ్మా, ఇది వేరే జిల్లా చెక్‌పోస్టులో కారులో దొరికింది. కేసు నిలబడలేదు. కోర్టు స్టోరులో ఉండి, మొన్న మాకు ఇచ్చినారు."

"ఎప్పుడు దొరికింది?"

ఆయన చెప్పాడు. అదే ధనుర్మాసం. శేషాద్రి స్టేషన్లో ఉన్న వారంలోనే. భర్త భుజం విరిగిన రోజుల్లో స్వామి ఇంకో పోలీస్ స్టేషన్లో, ఇంకో గదిలో ఉన్నాడు.

"అప్పుడే యాడిదో కనుక్కోలేదా సారూ?"

"ఈ చుట్టుపక్కల గుళ్ల ధర్మకర్తలకు ఫోటోలు చూపిచ్చినారంటమ్మా. మాది అని ఒక్కరూ రాలేదు. అందుకే ఊరు తెలియదని రాసుకున్నాం. పట్టుబడినవాడి పేరు మనోజ్ అని ఉంది. వాడెవడో మీకు తెలుసా?"

ఆమెకు తెలుసు. శ్రీహరి చెల్లెలి కొడుకు. మామ ఇంట్లోనే ఉండి అంగట్లో కూర్చునేవాడు. ఇనప్పెట్టె తెరవడం వాడికి కష్టమేమీ కాదు.

మర్నాడు ఆమె గోపాయపల్లె బస్సెక్కింది. వదిలి వచ్చాక ఆ ఊళ్లో అడుగుపెట్టడం అదే మొదలు. గుడికి కొత్త గోపురం లేచింది. లోపల ఆళ్లగడ్డలో పోతపోయించిన కొత్త ఉత్సవమూర్తి. అన్నీ శ్రీహరి చేయించినవేనని అరుగు మీది పాలరాతి పలక చెబుతోంది. ఆమె గుళ్లోకి పోకుండా నేరుగా ఆయన ఇంటికి పోయింది. శ్రీహరి వసారాలో పడకకుర్చీలో ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది.

"అన్నా, స్వామి నంద్యాల్లో ఉండాడు."

"ఏ స్వామమ్మా?"

"మన స్వామి. నీకు ఫోటో చూపిచ్చినారంట గదా."

శ్రీహరి కళ్లజోడు తీసి పంచెతో తుడిచాడు. "ఎన్ని ఫోటోలో తెస్తారమ్మా వాళ్లు. మాది గాదనుకుంటి."

"ఏటేటా పల్లకీ ముందర నడిచినోనివి. గాదనుకుంటివా?"

 లోపలి నుంచి ఆయన భార్య సుశీల వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"చెప్పు" అంది ఆమె భర్తతో. "ఇంగ ఎవురి కోసం దాస్తావు? ఆ మనోజ్ గాడు కూడా లారీ కింద పడి పాయె."

"సుశీలా, లోపలికి పో."

"పోను. ఆ ఫోటో ఈ వసారాలోనే చూపిచ్చినారు. నేనూ చూస్తి. నువ్వు గాదంటివి. నేను నోరు మూసుకుంటి."

శ్రీహరి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "వాడు నా చెల్లెలి కొడుకమ్మా. తండ్రి లేనోడు. మాది అంటే వాడు జైలుకు పోతాడు. శేషాద్రి సామిని ఎట్లయినా వదిలేస్తారులే అనుకుంటి. వదిలేసినారు గదా."

"వదిలేసినారు" అంది పుండరీకవల్లి. "చెయ్యి ఆడనే పెట్టుకుని వదిలేసినారు."

 సుశీల కొంగు నోట్లో కుక్కుకుంది. పుండరీకవల్లి లేచి నిలబడింది.

"నన్నేం చేయమంటావమ్మా?"

"ఊరి ముందర చెప్పు. ఆయన దొంగ గాదని చెప్పు. నాకింకేం వద్దు."

శ్రీహరి చెప్పలేదు. స్వామి పుట్టిన స్వాతి నక్షత్రం నాడు గుళ్లో జనం చేరినప్పుడు తలనొప్పని ఇంట్లోనే ఉండిపోయాడు. చెప్పింది సుశీల. తీర్థం పట్టే సమయంలో మండపంలో నిలబడి, ఫోటో సంగతి, మనోజ్ సంగతి, తాళం చెవి సంగతి అంతా చెప్పి, ఆ రోజుకని వచ్చిన పుండరీకవల్లి కాళ్లు పట్టుకోబోయింది. పుండరీకవల్లి వెనక్కి జరిగింది.

జనం గుసగుసలాడారు. కొందరు ఆడవాళ్లు ఏడ్చారు. ఒక ముసలాయన, ఆ రోజు గుడి ముందు నిలబడి మొలతాడు చూసినవాళ్లలో ఒకడు, "అయిపోయిందేదో అయిపోయిందిలే తల్లీ. శేషాద్రి సామి మంచోడని మాకు అప్పుడే తెలుసు" అన్నాడు.

ఆ మాట ఆమెకు భర్తకు పడిన పోలీసు దెబ్బలకంటే ఎక్కువగా తగిలింది. అప్పుడే తెలుసట.

మూర్తిని తిరిగి తెచ్చుకోవాలంటే గుడి కమిటీ అడగాలని జయప్రకాష్ చెప్పాడు. కమిటీ కూర్చుంది. కొత్త విగ్రహానికి ప్రతిష్ఠ అయిపోయిందనీ, పాతది తెస్తే మళ్లీ సంప్రోక్షణ, మళ్లీ కాపలా, మళ్లీ దొంగల భయమనీ అన్నారు. ఆడనే భద్రంగా ఉంటుందిలే అని తేల్చేశారు.

ఇది తెలిసి విష్ణుప్రియ రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు షాపుకు సెలవు పెట్టి, తల్లిని తీసుకుని ఆ పాత పోలీస్ స్టేషన్‌కు పోయింది. మా నాయన దొంగ కాదని ఒక కాగితం రాసివ్వండి అని అడిగింది. అప్పటివాళ్లెవరూ అక్కడ లేరు. కుర్రవాడైన ఎస్సై ఓపిగ్గానే పాత ఫైలు తీయించాడు.

"ఆచూకీ తెలీలేదని ఎప్పుడో మూసేసినారమ్మా. మీ నాయన పేరు ఇందులో యాడా లే. ఆయన మీద కేసే పెట్టలే."

"మరి వారం రోజులు ఈడెందుకు పెట్టుకున్నారు?"

"పెట్టుకున్నట్టు కూడా లేదు గదమ్మా."

"ఆయన చెయ్యి?"

ఎస్సై ఫైలు మూసి బల్ల మీద పెట్టాడు.  కేసు లేనప్పుడు కొట్టేసే కేసు ఉండదు. పేరు లేనప్పుడు తుడిచే మచ్చ ఉండదు.

బయటికి వచ్చి ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. లారీల మీద గ్రానైటు బండలు పోతున్నాయి. విష్ణుప్రియ తల్లి వైపు తిరిగింది.

"యాడుండాదమ్మా అది? చూపిచ్చు."

నంద్యాలలో బస్సు దిగి నేరుగా మ్యూజియానికి పోయారు. సాయంత్రమైంది, జనం ఎవరూ లేరు. జయప్రకాష్ పెట్టె మీది రాతను మార్పించాడు. ఇప్పుడు దాని మీద గోపాయపల్లె, ఆళ్లగడ్డ దగ్గర అని ఉంది. విష్ణుప్రియ దగ్గరికి పోయి, వంగి, అద్దంలోకి చూసింది. చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని ఆమె చూసింది పల్లకీలో పూల మధ్య, గొడుగు కింద, దివిటీల వెలుగులో.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంత చిన్నదా అమ్మా?"

పుండరీకవల్లి తల ఊపింది. కూతురు అక్కడే నేలమీద చతికిలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. తండ్రి శవం దగ్గర కూడా ఆ పిల్ల ఏడవలేదు. కాపలావాడు తలుపు దగ్గరికి వచ్చి, చూసి, అవతలి గదుల్లో లైట్లు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ పోయాడు. పుండరీకవల్లి కూతురి పక్కనే కూర్చుని, అతను తిరిగొచ్చి పిలిచేదాకా ఆమె వీపు నిమురుతూనే ఉంది.